ఆరు దాటితే సోగ్గాడు దొరకడు!

సంపాదించడం ఒక కళ. దాచుకోవడం ఇంకో కళ. "ఇక చాలు" అనగలగడం... అన్నిటికన్నా పెద్ద కళ!

సాయంత్రం ఆరయింది. సెట్టు మీద లైట్లింకా ఆర్పలేదు. కెమెరామన్‌కి మరో రెండు షాట్లు తీసే ఓపికుంది. నిర్మాతకైతే నాలుగు షాట్లు లాగించేద్దామన్న ఆశ కూడా ఉంది. హీరోగారు మాత్రం మేకప్ తుడిచేసుకుని కారెక్కేస్తారు. ఎక్కడికి? ఇంటికి! ఇక ఆదివారమైతే అసలు సెట్టుకే రారు. పోనీ ఈ హీరోగారికి అంతగా డిమాండ్ లేదేమో అనుకుంటున్నారా? అబ్బే! "సోగ్గాడు" (1975)తో రాష్ట్రాన్ని ఓ ఊపు ఊపిన ఆంధ్రుల అందాల నటుడు శోభన్‌బాబుగారే ఆయన!

ఒకపక్క నిర్మాతలు కాల్షీట్ల కోసం క్యూ కడుతుంటే, ఒక మనిషి గడియారం చూసుకుని ఇంటికెళ్లిపోగలిగాడంటే... ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు? అందం వల్ల వచ్చిందా? అభిమానుల వల్లా? కాదండీ. బ్యాంకు పాసుపుస్తకం వల్లా, భూమి పత్రాల వల్లా వచ్చింది! ఈ మాట ముందు కాస్త చప్పగా ఉంటుంది. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది, ఇందులో ఎంత మసాలా ఉందో!

మా చాయ్ హోటల్ ఎకనామిక్స్

నేనుండేది సైదాబాద్‌లో. ఒకవైపు మాదన్నపేట మండీ, ఇంకోవైపు చంపాపేట, కాస్త ముందుకెళ్తే మలక్‌పేట. మా ఏరియా చాయ్ హోటల్లో కూర్చుంటే మీకు వినిపించేవి రెండే రెండు టాపిక్కులు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా సినిమా. సోమవారం నుంచి గురువారం దాకా పైసలు. (నెలాఖర్లో అయితే ఏడు రోజులూ పైసలే!)

ఆ టేబుళ్ల దగ్గర నేను చూసినంతలో కుర్రాళ్లు రెండు పార్టీలు. మొదటి పార్టీవాడు జీతం పడగానే సగం దాచేస్తాడు. చాయ్ పక్కవాడి లెక్కలో తాగుతాడు. దోస్తు పెళ్లికి పోతే గిఫ్టు పెట్టాల్సొస్తుందని పెళ్లికే పోడు. ముప్పయ్యేళ్లకి ఒక ఇల్లు, నలభైకి ఇంకో ఇల్లు, అరవై దాటాక జీవితం... ఇదీ వాడి స్క్రీన్‌ప్లే. ఇంటర్వెల్ తర్వాతే హీరో ఎంట్రీ అన్నమాట!

రెండో పార్టీవాడి డైలాగు వేరు. "అరె భాయ్, రేపు ఎవడు చూసిండు?" ఒకటో తారీకున బిర్యానీ, పదో తారీకున బండి కిస్తీ, ఇరవయ్యో తారీకున ఫోన్ కిస్తీ, ఇరవై అయిదున చేబదులు. నెలకి ముప్పై రోజులు మరీ ఎక్కువని వాడి ఫిర్యాదు.

మూడో పార్టీ కూడా ఒకటుంది. వాళ్లకి దాచడమూ రాదు, ఖర్చుపెట్టడమూ రాదు. ఒక్క దెబ్బతో లక్షాధికారులైపోవాలి! మా పక్కనే మలక్‌పేట రేసుకోర్సుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాం నుంచీ అక్కడ గుర్రాలు పరుగెత్తుతూనే ఉన్నాయి. వాటి వెనక ఎంతోమంది జీతాలూ పరుగెత్తాయి. అయినా పాతకాలం వాళ్లే నయం. డబ్బు పోగొట్టుకున్నా కనీసం గుర్రాన్ని కళ్లారా చూసేవారు! ఇప్పటి కుర్రాళ్లు ఫోన్లో బెట్టింగ్ పెట్టి గుర్రం తోకైనా చూడకుండానే గుల్లవుతున్నారు. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ జూదాన్ని చట్టం పెట్టి నిషేధించారన్న సంగతి చాలామందికి తెలియదు కూడా!

మరి ఈ మూడు పార్టీల్లో ఎవరిది రైటు? జవాబు చెప్పడానికి మన సినిమావాళ్ల జీవితాలకన్నా పెద్ద పాఠ్యపుస్తకం ఇంకోటి లేదు.

అడిగినవాళ్లకి లేదనని చెయ్యి

"పోతన", "త్యాగయ్య" (1946), "యోగి వేమన" (1947)... ఈ పేర్లు వింటే మీ తాతయ్యలు ఇప్పటికీ చేతులు జోడిస్తారు. చిత్తూరు నాగయ్యగారు ఆ రోజుల్లో దక్షిణాదిలోనే భారీ పారితోషికం అందుకున్న తారల్లో ఒకరు. 1965లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఇంట్లో ఎప్పుడూ విస్తళ్లు లేస్తూనే ఉండేవని పేరు. సాయమని వచ్చినవాణ్ణి ఉత్తచేతుల్తో పంపలేదు. సొంత సినిమాలూ నష్టం తెచ్చాయి. చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలకి, చిన్న చిన్న మొత్తాలకి నటించాల్సి వచ్చింది. 1973 డిసెంబర్ 30న కన్నుమూశారు. తర్వాత మద్రాసు పానగల్ పార్కులో విగ్రహం పెట్టారు.

మన కత్తి కాంతారావుగారి సంగతి చూడండి. కోదాడ దగ్గర గుడిబండలో భూములున్న ఇంట పుట్టారు. "లవకుశ" (1963)లో లక్ష్మణుడు. జానపదాల్లో ఆయన కత్తి తిప్పితే నేల క్లాసులో ఈలలే ఈలలు. అంతటి మనిషి నిర్మాతగా మారి "సప్తస్వరాలు" (1969), "గండర గండడు" (1969), "ప్రేమజీవులు" (1971), "గుండెలు తీసిన మొనగాడు" (1974) తీశారు. సినిమాల కోసం పొలాలమ్మారు. ఆస్తి కరిగిపోయింది. ముసలితనంలో సీరియళ్లలోనూ చిన్న పాత్రల్లోనూ కనిపిస్తూ 2009 మార్చి 22న మన హైదరాబాద్‌లోనే వెళ్లిపోయారు.

ఇక సావిత్రి... "మహానటి" (2018) చూసి మీరంతా హాల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లే! 1968లో "చిన్నారి పాపలు"కి దర్శకత్వం వహించిన ధీశాలి. సొంత సినిమాల నష్టాలు, ఆదాయపు పన్ను బాకీలు, నమ్మినవాళ్ల మోసాలు, అనారోగ్యం... అన్నీ కలిసి ముంచేశాయి. నెలల తరబడి కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న కన్నుమూసింది.

"చూశారా, దానధర్మాలు చేస్తే గతి ఇంతే!" అంటుంది మా మొదటి పార్టీ. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. నాగయ్యగారి ఇంట్లో తిన్న అన్నం వృథా కాలేదు. అది ఎంతమందిని నిలబెట్టిందో! కాంతారావుగారు సినిమా తీయాలనుకోవడమూ నేరం కాదు. మా పల్లెల్లో రైతు ఎంత కరువొచ్చినా విత్తనాల గింజల మీద చెయ్యి వేయడు. పంటంతా పంచిపెట్టినా ఆ ఒక్క మూట మాత్రం అటక మీదే ఉంటుంది. ఈ మహానుభావులు పంటతోపాటు విత్తనాల మూట కూడా విప్పేశారు. తేడా అక్కడే వచ్చింది.

ఒకే ఏడాది... రెండు పెట్టెలు!

పంచిపెట్టడం ప్రమాదం, దాచిపెట్టడమే క్షేమం అనుకునేవాళ్లకి మా పాతబస్తీ కథ ఒకటి చెబుతాను. మహబూబ్ అలీఖాన్ దర్జాకి పెట్టింది పేరు. ఆయన దుస్తుల కోసం కట్టించిన పొడవాటి బీరువా ఇప్పటికీ పురానీ హవేలీలో ఉంది. కొడుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ దానికి పూర్తిగా రివర్సు. 1937 ఫిబ్రవరిలో "టైమ్" పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ ఆయన బొమ్మని ముఖచిత్రంగా వేసింది. ఆయన మాత్రం పాత టోపీ, మాసిన షేర్వాణీలతోనే కాలం గడిపేశాడని చెప్పుకుంటారు.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. నిజాం ఐదు టన్నుల బంగారం దేశానికి దానం చేశాడని మా గల్లీల్లో ఈనాటికీ కథలు కథలుగా చెబుతారు. అసలు సంగతేమిటంటే ఆయన 425 కిలోల బంగారాన్ని జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో పెట్టాడు. దానికి ఏటా ఆరున్నర శాతం వడ్డీ! అది తప్పేం కాదు. దేశానికీ అక్కరకొచ్చింది, ఆయనకీ వడ్డీ వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే సావిత్రి ఒంటి మీది నగలు తీసి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారికి రక్షణ నిధి కోసం అప్పగించింది. వడ్డీ లేదు, బాండూ లేదు!

ఇప్పుడు చెప్పండి. ఆ రెండు పెట్టెల్లో ఏది మీకు గుర్తుండిపోతుంది? అయితే ఒకటి... నగలిచ్చేసిన ఆ చేతికే చివర్లో నిజాం పెట్టెలో వందో వంతు ఉన్నా ఎంత బాగుండేదో అని కూడా అనిపిస్తుంది కదూ! అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గుండె సావిత్రిది కావాలి. పెట్టె మీద మూత కూడా కావాలి.

సోగ్గాడి సీక్రెట్

ఆ రెండూ కుదిరిన మనిషి కోసమే ఇందాక శోభన్‌బాబుగారి దగ్గర మొదలుపెట్టాను. కృష్ణా జిల్లా రైతు బిడ్డ. లా చదవడానికి మద్రాసు వచ్చి వేషాల కోసం తిరిగారు. 1959లో తెర మీదికొచ్చినా "వీరాభిమన్యు" (1965) దాకా గట్టి పేరు రాలేదు. భార్యాపిల్లలతో మద్రాసులో ఇరుకుగా గడిపిన రోజులవి. చేతిలో డబ్బు లేకపోతే మనిషి ఎవరెవరి ముందు తల వంచాల్సొస్తుందో ఆ రోజులు నేర్పాయి కాబోలు!

"మనుషులు మారాలి" (1969) నుంచి అదృష్టం మారింది. "శారద", "జీవన తరంగాలు" (1973) వచ్చేసరికి తిరుగులేదు. వచ్చిన డబ్బుని ఆయన మద్రాసు చుట్టుపక్కల స్థలాల మీద పెట్టారు. తోటి నటులకీ అదే సలహా. తనని భూమి మీద పెట్టుబడి పెట్టమన్నది శోభన్‌బాబేనని మురళీమోహన్‌గారు చాలాసార్లు చెప్పారు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. "శోభన్‌బాబా? భూములు కొన్నాడు కదా!" అని తేలిగ్గా అనేస్తారు. కానీ ఆ భూములతో ఆయన నిజంగా కొన్నదేమిటో చూడండి. ఆరు తర్వాతి సాయంత్రాలు కొన్నారు. ఆదివారాలు కొన్నారు. నచ్చని వేషానికి "వద్దు" అనే మాట కొన్నారు. 1996లో "హలో గురూ" తర్వాత మేకప్ తుడిచేసి మళ్లీ వేసుకోలేదు. తండ్రి వేషాలకి, తాత వేషాలకి ఎంతమంది పిలిచినా వెళ్లలేదు. జనం మనసులో అందాల నటుడుగానే ఉండిపోవాలని ఆయన కోరిక. 2008 మార్చి 20న మనల్ని వదిలి వెళ్లేదాకా ఆ మాట మీదే నిలబడ్డారు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి అలాంటి కోరిక ఉన్నా నెరవేరుతుందా?

అక్కినేనివారి దారి ఇంకోలా ఉంటుంది. పైసా పైసాకీ లెక్క చూసే మనిషని ఆయనకి పేరు. కానీ గుడివాడలో ఒక కాలేజీకి చేయూతనిచ్చారు. ఇవాళ్టికీ అది ఆయన పేరుతోనే నడుస్తోంది. 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ అయింది. మరొకరైతే ఉన్నది చూసుకుని కూర్చునేవారు. ఆయన 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. శోభన్‌బాబు డబ్బుతో విశ్రాంతి కొనుక్కున్నారు, నాగేశ్వరరావు పని కొనుక్కున్నారు. ఎవరి అర్థం వారిది. ఇద్దరికీ ముందే తెలిసిన ముక్క ఒక్కటే... ఈ డబ్బు నాకెందుకు?

విత్తనాల మూట ఎక్కడ పెట్టాలి?

"సరే గురూ, దాస్తాం. ఎక్కడ?" అంటారా? నేను బ్యాంకు మేనేజర్ని కాను. మా బస్తీలో కళ్లతో చూసిందే చెబుతాను.

ముందు అప్పు సంగతి. మా దగ్గర "నూటికి మూడు" అంటే ఏదో చిల్లర వడ్డీలా వినిపిస్తుంది. పదివేలు తెస్తే నెలకి 300, ఏడాదికి 3,600. అంటే 36 శాతం! పోస్టాఫీసులో పొదుపు చేసి 7 శాతం సంపాదిస్తూ, ఇంకోపక్క నూటికి మూడు కట్టేవాడు కుండకి చిల్లు పెట్టి నీళ్లు మోస్తున్నవాడితో సమానం. ముందు చిల్లు మూయాలి.

ఇంకో చిట్కా. 72ని వడ్డీ శాతంతో భాగించండి. ఎన్నేళ్లకి డబ్బు రెట్టింపవుతుందో దాదాపుగా వచ్చేస్తుంది. 7 శాతమైతే పదేళ్లు. "ఏడాదిలో డబుల్ చేస్తాం" అని ఎవరైనా అంటే నూటికి నూరు శాతం ఇస్తానంటున్నాడన్నమాట. అంత లాభమొచ్చే వ్యాపారముంటే వాడు మీ గల్లీకెందుకొస్తాడు?

తర్వాత చిట్టీ. ఇరవైమంది, నెలకి వెయ్యి, ఇరవై నెలలు. నెలకి ఇరవైవేలు పోగవుతుంది. అవసరమున్నవాడు పాటలో పదిహేనువేలకి ఎత్తుకున్నాడనుకోండి. మిగిలిన ఐదువేలల్లో నడిపేవాడి కమిషన్ ఐదు శాతం, అంటే వెయ్యి పోతే, నాలుగువేలు అందరికీ పంచుతారు. మనిషికి రెండొందలు కలిసొస్తాయి. చక్కటి ఏర్పాటే! కానీ 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చిట్టీయేనా అని అడగండి. అలా అడిగితే మొహమాటమనుకున్న మా బస్తీవాళ్లు ఒక పొద్దున లేచి చూసేసరికి చిట్టీలాయన ఇంటికి తాళం వేలాడుతోంది. బిడ్డ పెళ్లికని కడుతున్న ఒకమ్మ ఆ గుమ్మం ముందే కూలబడిపోయింది. ఆ రోజు నేనిప్పటికీ మర్చిపోలేను.

బ్యాంకులోనూ ఒక సంగతి చూసుకోవాలి. 2001లో మన జంటనగరాల్లోనే కృషి కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలినప్పుడు డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. అప్పట్లో ఒక్కొక్కరికి డిపాజిట్ బీమా లక్ష దాకానే. 2020లో దాన్ని 5 లక్షలకి పెంచారు. అందుకే ఉన్నదంతా ఒకేచోట గుమ్మరించకూడదు.

అమ్మ అడిగిన ప్రశ్న

ఈ లెక్కలన్నీ ఎందుకు చెప్పానో ఇప్పుడు వినండి. మా గల్లీలో ఒక తమ్ముడున్నాడు. వయసు ఇరవై ఆరు. ప్రైవేటు ఆఫీసులో నౌకరీ. వాళ్లమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. వీడికి సినిమా పిచ్చి. పిచ్చంటే చూసే పిచ్చి కాదు, తీసే పిచ్చి!

ఒకనాడు వచ్చి, "అన్నా, నౌకరీ ఇడిచిపెడ్త. కృష్ణానగర్ పోయి అసిస్టెంట్ డైరెక్టర్ల చేర్త" అన్నాడు. వెనకాలే వాళ్లమ్మ. "నువ్వన్న చెప్పు బిడ్డా. నాలుగేండ్లు కష్టపడి కూడబెట్టిండు. అంత గంగల కలుపుతడట!"

"వెళ్లు" అంటే తల్లి ఉసురు. "వద్దు" అంటే కుర్రాడి ఉసురు. నేనేమీ అనలేదు. ఒక కాగితం తీసుకున్నాను. ముగ్గురం కూర్చుని రాశాం.

దాచింది మూడున్నర లక్షలు. బండి అప్పు ముప్పైవేలు ముందే తీర్చేయాలి. మిగిలింది 3,20,000. ఇంటి ఖర్చు నెలకి పద్దెనిమిదివేలు. ఆర్నెల్లకి 1,08,000. అది విత్తనాల మూట. అమ్మ పేరున వేరే ఖాతాలో పడాలి. ఏ కష్టమొచ్చినా అమ్మే తీయాలి, కొడుకు తాకకూడదు. ఇక మిగిలింది 2,12,000. మిషన్ మీద అమ్మకి ఎనిమిదివేల దాకా వస్తాయి కాబట్టి ఇంటికి వీడు నెలకి పదివేలివ్వాలి, తనకి ఐదువేలు. రూమ్ అద్దె అక్కర్లేదు. మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, యూసుఫ్‌గూడలో దిగితే కృష్ణానగర్ నడిచేంత దూరమే. నెలకి పదిహేనువేల చొప్పున భాగిస్తే... పద్నాలుగు నెలలు! రెండువేలు మిగులు. "గవ్వి ఫస్ట్ డే ఫస్ట్ షోలకన్నా!" అని వాడు నవ్వాడు.

వాళ్లమ్మ నవ్వలేదు. "పద్నాలుగు నెలలైనంక?" అని అడిగింది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. చాలాసేపటికి వాడన్నాడు. "ఏం కాకపోతె మల్ల నౌకరీ జూసుకుంటనమ్మా. ఒట్టు." ఆమె ఒట్టు వేయించుకోలేదు. "రాసియ్యి" అంది. వాడు ఆ కాగితం మీదే తారీకు వేసి సంతకం పెట్టాడు. అది ఇప్పుడు వాళ్లింట్లో కుట్టుమిషను పైన గోడకి అంటించి ఉంది.

నేనీ వ్యాసం రాస్తున్న వేళకి మూడు నెలలు గడిచాయి. ఒక చిన్న సినిమా ఆఫీసులో స్క్రిప్టు కాగితాలు మోస్తున్నాడు. జీతం లేదు, భోజనం ఉంది. పేరు తెర మీద పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఇంకా పదకొండు నెలలున్నాయి. కానీ ఒకటి చూశాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, అమ్మ కంట్లో భయం లేకుండా, వాడు తనక్కావలసిన పనిలో తిరుగుతున్నాడు. నాలుగేళ్లు సగం చాయ్ తాగి దాచిన డబ్బు ఇంతకన్నా గొప్ప పని ఇంకేం చేస్తుంది?

కాబట్టి నా ప్రియ పాఠకుల్లారా! సినిమాలు మానేసి పైసలు కూడబెట్టమని ఈ పత్రికలో రాస్తే ఎడిటర్‌గారు నన్ను బతకనివ్వరు. నేనూ ఆ మాట చెప్పను. ప్రతి నెలా విత్తనాల మూట ముందు తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాత దోస్తు పెళ్లికి వెళ్లండి. చెల్లెలికి చీర కొనండి. నచ్చిన సినిమా రెండోసారి కూడా చూడండి. ఎంత దాస్తే "చాలు" అనుకుంటారో మాత్రం ఒక కాగితం మీద ఇవాళే రాసుకోండి. ఆ అంకె లేనివాడికి కోటి వచ్చినా ఆరు గంటలు కొట్టవు.

ఇంతకీ... ఈ ఆదివారం మీ కాల్షీటు ఎవరికిచ్చారు?